అయిలెన్ చెప్పని మాట

పోసో డెల్ తాకో
మే 12

రోక్సానా,

నువ్వు పంపిన పూసల కంకణం అందింది. బస్సు నడిపే పోన్సియానో పొట్లం నా చేతికిస్తూ, మీ చెల్లెలు మీకు పెళ్ళి సంబంధం గానీ కుదిర్చిందా అని వేళాకోళమాడాడు. నలభై ఎనిమిదేళ్ళ దాన్ని, ఇప్పుడు పెళ్ళికొడుకు దొరికినా వాడి బట్టలు ఉతికే ఓపిక నాకు లేదని చెప్పి పంపించాను.

అయస్కాంతపు పూసలు మణికట్టు నొప్పిని లాగేస్తాయని సంతలో అమ్మినవాడు చెప్పాడన్నావు. వారం రోజులు పెట్టుకున్నాను. నొప్పిని లాగిందో లేదో గానీ నా గరిటెల్ని మాత్రం బాగా లాగుతోంది. చెయ్యి పొయ్యి దగ్గరికి పోతే చాలు, చెంచా వచ్చి అతుక్కుంటుంది. అయిలెన్ పడీ పడీ నవ్వింది.

నిన్న దాని దారం తెగింది. నీ కూతురి చేతుల్లో పడ్డాక తెగక ఏం చేస్తుంది? పూసలన్నీ ఏరుకుని చెవికి ముందొకటి, వెనకొకటి అతికించుకుని, కుట్టించుకోకుండానే కమ్మలొచ్చాయని ఊరంతా తిరిగొచ్చింది. పక్కింటి తమారా నాలుకకి పోగు కుట్టించుకుంది కదా, అది చూసినప్పటినుంచీ దీనికి సోకులు ఎక్కువయ్యాయి. ఐదేళ్ళకే ఇలా ఉంటే పదిహేనేళ్ళకి మనల్ని అమ్మేస్తుంది.

పోయిన వారం పై ఊరి నుంచి ఒకావిడ చొక్కా గుండీ మింగిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. కడుపులో అడ్డం దిగడానికి మూడు రోజులు మంత్రం చదువుతూ రిబ్బను పట్టి కొలిచాను, మూడోనాడు గుండీ బయటపడింది. నాకొక కోడిపెట్టనిచ్చి పోయింది. నువ్వు నమ్మవని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.

చన్యార్ పళ్ళ పాకం ఒక సీసా పంపుతున్నాను. ఒక్కదానివే తినెయ్యకు.

నీ అక్క
ఎడెల్మీరా


తుకుమాన్
మే 21

అక్కా,

పాకం ఒక్కదాన్నే తినేశాను. గదిలో నాతో ఉండే ఇద్దరికీ సీసా వాసన చూపించాను, అంతే.

నిమ్మకాయల కాలం ముమ్మరంగా ఉంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా బెల్టు మీద కాయలు పోతూనే ఉంటాయి, మచ్చ ఉన్నవి తీసి పక్కన పడెయ్యాలి. కళ్ళు మూసుకున్నా నిమ్మకాయలే కనిపిస్తున్నాయి. చేతి పగుళ్ళలో రసం దిగితే ప్రాణం పోయినంత పనవుతుంది. లోపలికి ఫోన్లు రానివ్వరు, బయటికొచ్చి చేద్దామంటే మీ ఊళ్ళో సిగ్నలు ఉండదు. ఉత్తరాలే మనకి దిక్కు.

కమ్మల సంగతి చదివి నవ్వుకున్నాను. ఆడుకోనీ అక్కా, పూసలు దానికే ఇచ్చెయ్యి. నీకు ఇంకొకటి పంపుతాను.

జూలై తొమ్మిది, స్వాతంత్ర్య దినం సెలవుకి వస్తున్నాను. అయిలెన్ నన్ను గుర్తు పడుతుందా? పోయినసారి వచ్చినప్పుడు నీ వెనక దాక్కుని, ఈవిడ ఎన్ని రోజులుంటుంది అని అడిగింది. సరదాగానే అడిగిందిలే. వాళ్ళ నాన్న మమ్మల్ని వదిలేసి పోయాడు, నేను చూస్తే ఇక్కడ ఉన్నాను. నువ్వు లేకపోతే ఆ పిల్ల గతేమయ్యేదో. అమ్మ పోయాక నన్ను పెంచావు, ఇప్పుడు నా బిడ్డనూ నువ్వే పెంచుతున్నావు.

రోక్సానా


పోసో డెల్ తాకో
జూన్ 2

రోక్సానా,

అయిలెన్‌కి కడుపు పట్టేసింది. నిన్నటినుంచి రెండు మూడు వాంతులయ్యాయి. నువ్వేం కంగారు పడకు. పచ్చికాయలేవో తిని ఉంటుంది.

నిన్న మొదటిసారి కొలిచాను. రిబ్బను ఒక కొస దాని పొట్టమీద పట్టుకోమని, రెండో కొస నేను పట్టుకుని మూడు మూరలు కొలిస్తే, నా చెయ్యి నాలుగు వేళ్ళు పైకి పోయింది. అంటే కడుపులో అడ్డం గట్టిదే. ఇవాళ కొలిస్తే మూడు వేళ్ళే వచ్చింది. రేపటితో మూడు రోజులూ పూర్తవుతాయి, మధ్యలో ఆపకూడదు. ఒక చెంచా ఆముదం కూడా పట్టాను.

నర్సు డేలియా గుమ్మం ముందునుంచి పోతూ, పిల్లని ఒకసారి చూస్తానంది. అవసరం లేదన్నాను. పోయినేడు జ్వరం పిల్లకి రిబ్బను పట్టానని నామీద ఎంత ఎగిరిందో నీకు తెలుసుగా.

పోన్సియానో హారను కొడుతున్నాడు. ఉంటాను.

ఎడెల్మీరా


తుకుమాన్, పిల్లల ఆసుపత్రి
జూన్ 11

అక్కా,

కంగారు పడకు అని నువ్వు రాసిన ఉత్తరం నిన్న పోన్సియానో ఆసుపత్రి గేటు దగ్గరికి తెచ్చిచ్చాడు. బిడ్డ కడుపు కోసి అప్పటికి ఐదు రోజులైంది.

లోపలికి ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి నువ్వు తిరిగి పోవాల్సి వచ్చింది. పట్టణం ఆసుపత్రి నుంచి వచ్చిన అంబులెన్సులోంచి దిగుతున్నప్పటి నీ మొహం నేను మర్చిపోలేను. సరిగ్గా పలకరించనైనా లేదు, ఏమనుకోకు. ఫ్యాక్టరీ బూట్లతోనే పరుగెత్తుకొచ్చాను, నా ఒంటి మీద నాకే స్పృహ లేదు.

ఇక్కడ చూసే ఆవిడ పేరు డాక్టర్ లెడెస్మా. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఒక్క పూస మింగితే అదే పోయేదట. అయిలెన్ ఆరు మింగింది, అదీ ఒక్కసారిగా కాదు. పేగులో ఈ మడతలో ఉన్నది ఆ మడతలో ఉన్నదాన్ని లాగేసి అతుక్కుంది, మధ్యలో పేగు నలిగి చచ్చిపోయి చిల్లులు పడింది. లోపలున్నదంతా కడుపులోకి కారింది. జానెడు పేగు తీసేశారు. పొట్ట పక్కనుంచి సంచీ పెట్టారు. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ లోపల కలుపుతారట, అప్పటిదాకా బతికితే. ఆ మాట ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను.

"మొదటి రోజే తెలిసి ఉంటే నోట్లోంచి గొట్టం వేసి తీసేసేవాళ్ళం. కోత కూడా పడేది కాదు" అంది. ఎవరికి తెలుస్తుందమ్మా, పిల్ల చెప్పకపోతే, అని తనే మళ్ళీ ఓదార్చింది. ఎప్పుడు మింగావు తల్లీ అని అయిలెన్‌ని అడిగితే పెదాలు బిగించి తల అడ్డంగా ఊపుతోంది. జ్వరంలో ఉండి అలా చేస్తోందనుకున్నాను.

ఆ పూసలు నేను పంపినవి అక్కా. నువ్వు దారం తెగిందని రాస్తే, ఆడుకోనీ అని రాసింది నేను.

నీకేమైనా చెప్పిందా? గుర్తు చేసుకుని రాయి.

రోక్సానా


పోసో డెల్ తాకో
జూన్ 16

రోక్సానా,

ఇక్కడ చలి బాగా పెరిగింది. రెండు మేకలు ఈనాయి. అయిలెన్ పేరు చెప్పి తమారా వాళ్ళమ్మ చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. ఊరంతా అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియక తలుపేసుకుని కూర్చుంటున్నాను.

నిన్ను నువ్వు తిట్టుకోకు. సంతలో అమ్మినవాడు అమ్మాడు, నువ్వు ప్రేమతో కొన్నావు. అందులో నీ తప్పేముంది?

నాకేం చెప్పలేదే పిల్ల. వాంతి చేసుకుంటే పచ్చికాయలనుకున్నాను.

రిబ్బను కోసం వచ్చినవాళ్ళని చెయ్యి నొప్పని పంపించేస్తున్నాను. అయిలెన్ నీలం దుప్పటి పంపుతున్నాను, ఉతికి ఎండబెట్టాను. కాళ్ళకి చుట్టు, దానికి పాదాలు చల్లబడితే ఊరుకోదు. నొప్పి తగ్గిందా? ఏమైనా మాట్లాడుతోందా? ఎవరితో మాట్లాడుతోంది?

ఎడెల్మీరా


తుకుమాన్, పిల్లల ఆసుపత్రి
జూలై 13

అక్కా,

సెలవుకి మీ దగ్గరికి రావాల్సిన రోజున అయిలెన్‌ని రెండోసారి ఆపరేషను గదిలోకి తీసుకుపోయారు.

కుట్టు వేసినచోట లోపల కారుతోందట, నాలుగు రోజులుగా. పిల్ల నొప్పని ఒక్క మాట అనలేదు. జ్వరం ఎగదన్నాక గానీ ఎవరికీ తెలియలేదు. డాక్టర్ లెడెస్మా నన్ను వరండాలోకి పిలిచి, "ఏడ్చే పిల్లల్ని కాపాడుకోగలం. ఈ పిల్ల దాచుకుంటోంది. ఎక్కడ నొప్పో చెప్పకపోతే ఇంకోసారి మాకు టైము దొరకదు" అంది. అందరూ బతిమాలారు. బొమ్మలిచ్చారు. నర్సు పాట పాడింది. ఎక్కడ నొప్పి అని అడగ్గానే గోడవైపు తిరిగిపోతుంది. పిల్లి పేరు చెబుతుంది, మేకల గురించి చెబుతుంది, కడుపు మాట ఎత్తితే మాత్రం నోరు కుట్టేసుకుంటుంది. నామీద నమ్మకం లేదక్కా దానికి. నేనెవరిని?

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఇక్కడి సోషల్ వర్కర్‌తో మాట్లాడాను. పిల్లని పూర్తిగా నీ పేరు మీద రాసిచ్చేస్తాను. పెంచింది నువ్వు, అది అమ్మా అని పిలిచేదీ నిన్నే. నేను చేసిందల్లా సంతలో దొరికిన చావుని పొట్లం కట్టి పంపడం. నాలాంటిదానికి బిడ్డెందుకు? అది కోలుకోగానే నీ దగ్గరికి చేర్చి, దక్షిణాన ఆపిల్ తోటలకి పోయేవాళ్ళతో పోతాను. మళ్ళీ అడ్డు రాను. కాగితం ఇందులో పెట్టాను. నువ్వు కింద సంతకం పెట్టి పంపితే చాలు.

తిండి సయించడం లేదు. బరువు తగ్గానని నర్సు తిడుతోంది.

రోక్సానా


పోసో డెల్ తాకో
జూలై 18

రోక్సానా,

కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టి ఉంటే బిడ్డ నాదైపోయేది. మూడు రోజులు ఆ కాగితాన్ని బల్లమీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. పెన్ను కూడా తీశాను, అది కూడా చెబుతున్నాను నీకు.

అయిలెన్ నాకు చెప్పింది.

మే ఆఖరి రోజు. నిప్పుల మీద రొట్టెలు కాలుస్తున్నాను. వచ్చి నా గౌను పట్టుకు లాగి నోరు తెరిచి చూపించింది. నాలుక మీదొకటి, కిందొకటి అతికించుకుందట తమారా పోగులాగా, లోపలికి జారిపోయాయంది. ఎన్ని అంటే ఒక చేతి వేళ్ళన్నీ చూపించి, రెండో చేతిదొకటి చూపించింది. కొన్ని పొద్దున, కొన్ని ఇప్పుడేనంది. అప్పటికి ఏ నొప్పీ లేదు. మీ డాక్టరమ్మ చెప్పిన గొట్టానికి అదే అదను.

గుండీలు దించాను, నాణేలు దించాను, ఆరు పూసలొక లెక్కా అనుకున్నాను. అయస్కాంతమన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. గరిటెల్ని లాగుతుంటే నవ్వినదాన్నే, పేగులో కూడా లాగుతుందని తోచలేదు. అక్కడిదాకా అది నా తెలివితక్కువతనం. ఆ తర్వాత చేసింది తెలివితక్కువతనం కాదు.

మూడో కొలత అయ్యేసరికి పిల్ల పొట్ట చెక్కలాగా అయింది. డేలియా బండిలో పట్టణం ఆసుపత్రికి తీసుకుపోయాం. వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవిలో చెప్పాను. "పూసల సంగతి ఎవరికీ చెప్పకు. చెబితే నిన్ను నా దగ్గర్నుంచి తీసుకుపోతారు" అన్నాను. అక్కడ ఒక కుర్ర డాక్టరు మోకాళ్ళమీద కూర్చుని, ఏం తిన్నావు తల్లీ అని ఎంతో నెమ్మదిగా అడిగాడు. అది నావైపు చూసింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఏమీ తినలేదంది. పచ్చికాయలని నేనన్నాను. నామాట నమ్మి సెలైను పెట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా చూశారు. పూట పూటకీ అది వాడిపోతుంటే పక్కనే కూర్చుని చెయ్యి నిమిరాను గానీ నోరు విప్పలేదు. ఆఖరికి ఎక్స్‌రే తీసి, ఆరు పూసలూ వరసగా ఉన్న బొమ్మ నాకు చూపిస్తే, మొదటిసారి తెలిసినదానిలాగా నోటిమీద చెయ్యి వేసుకున్నాను.

భయపడి చేశానని చెప్పుకోవచ్చు. డేలియా ఫిర్యాదు చేస్తుందన్న భయం ఉన్నమాట నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. ఐదూళ్ళ జనం నా గుమ్మంలో నిలబడతారు. సొంతింటి పిల్లకి నా చెయ్యి పనిచెయ్యలేదని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. నా పరువు కోసం చేశాను.

నువ్వు జూన్‌లో అడిగావు, నీకేమైనా చెప్పిందా అని. లేదని రాశాను. నువ్వు తిండి మానేసి కుళ్ళిపోతుంటే కూడా నోరు మెదపలేదు. అలాగే ఉండిపోయేదాన్నేమో. కానీ ఆ పిల్ల నొప్పి చెప్పడం లేదని రాశావు చూడు, అది నీమీద నమ్మకం లేక కాదు రోక్సానా. నాకిచ్చిన మాట తప్పకూడదని. నేను నోరు మూసుకోమన్నాను, కడుపులో చీము పడుతున్నా మూసుకునే ఉంది.

ఈ కింద ముక్క దానికి చదివి వినిపించు. నేను రాశానని చెప్పు.

అయిలెన్, నా బంగారు తల్లీ, చెప్పొద్దన్నాను కదా, అది నా తప్పు. నువ్వేం తప్పు చెయ్యలేదు. డాక్టరమ్మ ఏమడిగినా చెప్పు. ఎక్కడ నొప్పయితే అక్కడ చెయ్యి పెట్టి చూపించు. గట్టిగా ఏడువు. చెప్పినందుకు నిన్నెవరూ నా దగ్గర్నుంచి తీసుకుపోరు.

ఆ ఆఖరి మాట అబద్ధమని నాకు తెలుసు. అయినా చదువు.

ఎడెల్మీరా


తుకుమాన్
జూలై 24

చదివాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, ఇక్కడ, అంది. డాక్టర్ వెంటనే స్కాను తీయించింది. లోపల చీముగడ్డ ఉంది. సూదితో లాగేశారు. ఇంకో రెండు రోజులాగితే పిల్ల దక్కేది కాదంది.

కాగితం చింపేశాను. పిల్ల నా దగ్గరే ఉంటుంది. నీ దగ్గరికి రాదు. నాకు ఉత్తరాలు రాయొద్దు.

రోక్సానా


తుకుమాన్
అక్టోబరు 19

రాయొద్దన్నది నేనే, రాస్తున్నదీ నేనే.

పేగు మళ్ళీ లోపల కలిపి సంచీ తీసేశారు. మూడు వారాలైంది. ఇంటికి తెచ్చుకున్నాను. మార్కెట్ దగ్గర ఒక చిన్న గది, వంట బయట. నిమ్మకాయల పని అయిపోయింది, ఒకావిడ దగ్గర కుట్టుపని దొరికింది, ఇంట్లోనే కూర్చుని చేస్తున్నాను.

కొద్దికొద్దిగా రోజుకి ఆరుసార్లు తినిపించాలి. నా చేత్తో తినదు. గుమ్మడి గుజ్జు పెడితే ఇలా కాదంటుంది. ఎలా అంటే చెప్పలేదు. జుట్టు దువ్వబోతే దువ్వెన లాక్కుంటుంది. చిక్కులు పడిపోయి కట్టెపీచులా తయారైంది.

మధ్యాహ్నం పడుకుని లేచాక అమ్మా అని పిలుస్తుంది. కుట్టుమిషను వదిలేసి పరుగెత్తుతాను. తలుపు దగ్గర నన్ను చూసి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తుంది. ఎవరూ లేరని తెలిశాక మంచినీళ్ళడుగుతుంది. రోజూ ఇదే. నిన్న నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. అది మంచం దిగివచ్చి నా తల నిమిరింది, పరాయి పిల్లని ఓదార్చినట్టు.

నిన్ను క్షమించానని రాయడం లేదు. ఏమో, జన్మలో క్షమిస్తానో లేదో తెలియదు. ఆ గుజ్జు ఎలా చేస్తావో చెప్పు. జుట్టు ఎలా దువ్వుతావో చెప్పు. ఇవి అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.

రోక్సానా


పోసో డెల్ తాకో
అక్టోబరు 25

రోక్సానా,

గుమ్మడికాయని నీళ్ళలో ఉడకబెట్టకు, చెక్కు తియ్యకుండా బూడిదలో కాల్చి గుజ్జు తియ్యి. నీకు నిప్పులు లేకపోతే పెనం మీద మూతపెట్టి మాడేదాకా ఉంచు, కాస్త మాడిన వాసన ఉండాలి దానికి. ఒక చుక్క పాలు, చిటికెడు చక్కెర. చెంచాతో పెట్టకు, రొట్టెముక్కతో తీసి పెట్టు. మొదటి ముద్ద నువ్వు తిను, అప్పుడే నోరు తెరుస్తుంది.

జుట్టు పొడిగా దువ్వొద్దు. తడిపి, కొసల్నించి మొదలుపెట్టి పైకి రా. మేకల పేర్లు అడుగుతూ దువ్వు. పదకొండు పేర్లున్నాయి, అవి చెప్పేలోపల జడ అయిపోతుంది. ఈ ఏడు పుట్టిన రెండింటికీ ఇంకా పేర్లు పెట్టలేదు, దాన్నే పెట్టమను.

పాదాలు చల్లబడనివ్వకు. ఉరుములంటే భయం, కానీ భయమని ఒప్పుకోదు, నీ పక్కకి జరుగుతుంది అంతే. అప్పుడేమీ అడక్కు, జరగనీ.

ఒంట్లో బాగోలేకపోతే మాత్రం అడుగు, రోజూ అడుగు. ఎక్కడ నొప్పి, ఏం తిన్నావు, ఎవరైనా చెప్పొద్దన్నారా అని కూడా అడుగు. ఇక్కడ ఏ పిల్ల ఏది మింగిందని ఎవరొచ్చినా డేలియా దగ్గరికి తరిమేస్తున్నాను. నా తర్వాత కొలవడానికి రిబ్బను మంత్రం వచ్చే క్రిస్మస్‌కి తమారాకి చెప్పాల్సింది, చెప్పడం లేదు.

నన్ను చూడనివ్వమని అడగను. ఆ హక్కు నాకు లేదు. చచ్చేంత బెంగగా ఉంది, ఇల్లు చూస్తే పిచ్చెక్కుతోంది, అది నేనే పడాలి.

మధ్యాహ్నం అది అమ్మా అని పిలిస్తే నువ్వే వెళ్ళు. నీ వెనక్కి చూస్తుంది, చూడనీ. నువ్వు మాత్రం వెనక్కి చూడకు, ఏడవకు, పక్కకి తప్పుకోకు, అక్కడే నిలబడి, వచ్చానమ్మా అను. రేపూ అలాగే, ఎల్లుండీ అలాగే. ఏదో ఒకరోజు నీ వెనక్కి చూడడం మానేస్తుంది. ఆ రోజు నాకొక్క ముక్క రాయి. చదివి ఏడుస్తాను. అయినా రాయి.

ఎడెల్మీరా